క్రియాటిన్ వాడితే నిజంగా ఫలితం ఉంటుందా, డబ్బా ఖాళీ కావడమేనా?

కొత్తబార్:
వారానికి నాలుగు రోజులు బరువులెత్తుతాను. ప్రధానంగా స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్. బరువు 72 కిలోలు, శాకాహారిని. తిండి, నిద్ర, ప్రోటీన్ అన్నీ దారిలోనే ఉన్నాయి. క్రియాటిన్ (కండలో శక్తి నిల్వకు తోడ్పడే పదార్థం, పొడిగా అమ్ముతారు) విషయంలో మాత్రం ఎవర్నడిగినా ఒక్కో మాట. ఒకరేమో అది లేకుండా కండ రాదంటారు, ఇంకొకరేమో వచ్చేదంతా నీరే, మానేస్తే దిగిపోతుందంటారు. నాకు కావలసింది అంకెలు. ఎంత తేడా వస్తుంది? లోడింగ్ తప్పనిసరా? కిడ్నీలకు ఏమైనా అవుతుందా? దాని రకాల్లో మోనోహైడ్రేట్ తీసుకోవాలా, హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరైడ్) తీసుకోవాలా? జుట్టు ఊడుతుందన్న మాటలో నిజమెంత?

ఉక్కుపట్టు:
ఫలితం ఉంటుంది. అయితే అది ఎక్కడ కనిపిస్తుందో, ఎంత కనిపిస్తుందో ముందే తెలుసుకోండి, లేకపోతే నెల తిరక్కుండానే "ఏమీ లేదు" అని డబ్బా పక్కన పెట్టేస్తారు.

గట్టిగా ఎత్తుతున్నప్పుడు కండలో ఉన్న ఏటీపీ (కండకు అప్పటికప్పుడు శక్తినిచ్చే అణువు) రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. వాడేసిన ఏటీపీ ఏడీపీగా మారుతుంది. దానికి ఫాస్ఫేట్ అందించి అప్పటికప్పుడు మళ్లీ ఏటీపీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండలో ఫాస్ఫేట్‌తో కలిసి ఉన్న క్రియాటిన్. ఆ నిల్వ మహా అయితే పది సెకన్ల దాకా ఆదుకుంటుంది, ఆపై గ్లైకోజెన్ (కండలో దాచిన చక్కెర) మీద ఆధారపడాల్సిందే. కొన్ని వారాలు క్రియాటిన్ తీసుకుంటే ఈ నిల్వ చాలామందిలో 20 నుంచి 40 శాతం పెరుగుతుంది. దాని పని అంతే. కండను అదేమీ కట్టదు. ఎనిమిదో రెప్ (సెట్‌లో ఒక్కసారి ఎత్తి దించడం) దగ్గర ఆగాల్సిన చోట తొమ్మిదోది వస్తుంది, మూడో సెట్‌లో బరువు తగ్గించాల్సిన అవసరం పడదు. ఇలా నెలల తరబడి పోగయిన అదనపు పనే కండగా, బలంగా మారుతుంది. సెట్ల మధ్య అర నిమిషమే ఆగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫాస్ఫోక్రియాటిన్ అర నిమిషంలో సుమారు సగమే తిరిగి నిండుతుంది, పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. క్రియాటిన్ వేసుకుని సెట్ల మధ్య విరామం మింగేస్తే ఉన్న లాభంలో చాలా భాగం వదులుకున్నట్టే.

అంకెలు అడిగారు కదా. 2003లో 22 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, వ్యాయామంతోపాటు క్రియాటిన్ తీసుకున్నవాళ్ల బలం సగటున 20 శాతం పెరిగింది, ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్లది 12 శాతం పెరిగింది. ఒకే బరువుతో చేయగలిగిన రెప్‌లు 26 శాతం, 12 శాతం. అంటే ఆ 12 శాతం వ్యాయామం ఇచ్చింది, పైది మాత్రమే పొడి ఇచ్చింది. పైగా ఇవి సగటులు. వందలో ఇరవై ముప్పై మందిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడదు. వాళ్ల కండలో నిల్వ మొదటినుంచే గరిష్ఠానికి దగ్గరగా ఉండటమే ఇందుకు ప్రధాన కారణం.

ఈ లెక్కన మీకు కలిసొచ్చేది ఒకటుంది. క్రియాటిన్ తిండిలోంచి వచ్చేది మాంసం, చేపల నుంచే. శాకాహారి శరీరం ఆర్జినిన్, గ్లైసిన్, మెథియోనిన్ నుంచి రోజుకు గ్రాము దాకా సొంతంగా చేసుకుంటుంది, అంతకుమించి వచ్చేది దాదాపు లేదు. అందుకే శాకాహారుల కండల్లో నిల్వ తక్కువ, పొడి వేసుకున్నప్పుడు పెరుగుదల ఎక్కువ.

మోతాదు: రోజుకు 3 నుంచి 5 గ్రాములు. 72 కిలోలకు 5 వేసుకోండి, సరిపోతుంది. లోడింగ్ అంటే 20 గ్రాముల్ని నాలుగు భాగాలు చేసి ఐదు నుంచి ఏడు రోజులు తీసుకోవడం. తప్పనిసరి కాదు. 1996లో పోల్చి చూశారు: ఆరు రోజులపాటు 20 గ్రాములు తీసుకున్నవాళ్లూ, 28 రోజులపాటు 3 గ్రాములు తీసుకున్నవాళ్లూ దాదాపు ఒకే స్థాయికి చేరారు. పోటీ రెండు వారాల్లో ఉంటే తప్ప లోడింగ్‌కు తొందరేమీ లేదు. చేసేవాళ్లు కూడా ఒక్కసారే 10 గ్రాములు గుటకేయొద్దు. కరగని పొడి పేగుల్లోకి నీటిని లాగుతుంది, విరేచనాలవుతాయి. "నాకు క్రియాటిన్ పడదు" అనేవాళ్లలో చాలామందికి పడనిది ఆ ఒక్కసారి మోతాదే.

కలుపుకోవడంలోనే చాలామంది నష్టపోతారు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 14 గ్రాములే కరుగుతుంది. అంటే 5 గ్రాములు పూర్తిగా కరగాలంటే 350 మిల్లీలీటర్ల పైన నీళ్లు కావాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే అడుగున ఇసుకలా మిగిలేది రెండు గ్రాముల పైమాటే. అది కడిగి పారబోస్తే మోతాదు సగానికి వచ్చేసింది. 50 డిగ్రీల గోరువెచ్చని నీటిలో లీటరుకు 34 గ్రాముల దాకా కరుగుతుంది, కాబట్టి 150 మిల్లీలీటర్లు చాలు. లేదా అడుగున మిగిలినదాంట్లో ఇంకాసిని నీళ్లు పోసి తిప్పి తాగేయండి, కరక్కపోయినా నష్టమేం లేదు. కలిపింది మాత్రం ఆ రోజే తాగాలి. నీటిలో ఉన్న క్రియాటిన్ మెల్లగా క్రియాటినిన్ అనే, కండకు పనికిరాని వ్యర్థంగా విరిగిపోతుంది, పులుపు ఎక్కువైతే ఇంకా త్వరగా. గది వేడిలో, పీహెచ్ 3.5 ఉన్న పుల్లటి ద్రవంలో మూడు రోజులుంచితే ఐదో వంతు పోతుంది.

ఏ పూట వేసుకోవాలన్నది పెద్ద చర్చ కాదు. రోజూ గుర్తుండే పూట ఏదైతే అదే మంచి పూట. విశ్రాంతి రోజుల్లోనూ మానకూడదు.

ల్యాబ్‌కోటు:
కిడ్నీల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ భయం పుట్టేది రిపోర్టు దగ్గర.

70 కిలోల మనిషిలో మొత్తం క్రియాటిన్ సుమారు 120 గ్రాములు, అందులో 95 శాతం కండల్లోనే. దాంట్లో రోజుకు 1.7 శాతం, అంటే రెండు గ్రాములు, దానంతటదే క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కిడ్నీ పనితీరును అంచనా వేయడానికి రక్తంలో చూసేది ఈ క్రియాటినిన్‌నే. మీరు నిల్వ పెంచారు, పైనుంచి పొడీ వేస్తున్నారు, కండా ఎక్కువే. అప్పుడు క్రియాటినిన్ కాస్త ఎక్కువ తయారవుతుంది. కిడ్నీ మామూలుగానే వడకడుతున్నా రిపోర్టులో అంకె కొంచెం పైకి జరుగుతుంది, దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) కొంచెం కిందికి దిగుతుంది. ఆరోగ్యవంతుల్లో మామూలు మోతాదులతో జరిగిన పరీక్షల్లో కిడ్నీ దెబ్బతిన్న ఆధారాలు కనబడలేదు.

చేయాల్సింది ఇది. డబ్బా తెరవకముందే ఒకసారి క్రియాటినిన్, మామూలు మూత్ర పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. అది లేకపోతే తర్వాత వచ్చే అంకెను దేనితో పోల్చాలో తెలియదు. పరీక్షకు ముందు ఒకటి రెండు రోజులు బరువైన కాళ్ల వ్యాయామం పెట్టుకోవద్దు, అదొక్కటే అంకెను జరపగలదు. డాక్టరుకు క్రియాటిన్ వాడుతున్నట్టు చెప్పండి. తర్వాత అంకె పెరిగి అనుమానమొస్తే సిస్టాటిన్ సి (రక్తంలోని ఒక ప్రోటీన్‌ను బట్టి కిడ్నీ పనితీరు చూసే) పరీక్ష అడగండి. అది కండతోనూ, క్రియాటిన్‌తోనూ ముడిపడింది కాదు. థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా అదీ మారుతుంది, కాబట్టి ఆ సంగతులూ డాక్టరుకు చెప్పాలి. ఇంకో దారి, పొడి ఆపి కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడటం.

అలాగని "క్రియాటిన్ వల్లేలే" అనుకుని ప్రతి రిపోర్టునీ కొట్టిపారేయొద్దు. మూత్రంలో ప్రోటీన్ పోతుంటే, బీపీ ఎక్కువుంటే దానికి క్రియాటిన్‌ను సాకుగా చూపలేం. ఇప్పటికే కిడ్నీ జబ్బున్నవాళ్లు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, కిడ్నీ మీద భారం వేసే మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, 18 నిండనివాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు.

కొత్తబార్:
ఇద్దరికీ థాంక్స్ అండి. హెచ్‌సీఎల్ అయితే తక్కువ మోతాదు చాలు, నీరు పట్టదు అని లేబుల్ మీదే రాస్తున్నారు. అందులో ఏమైనా ఉందా?

పొడిలెక్క:
లేబుల్ పక్కన పెట్టి లెక్క చేద్దాం. మోనోహైడ్రేట్‌లో బరువులో 88 శాతం క్రియాటిన్, మిగతాది నీటి అణువు. 5 గ్రాములు వేస్తే 4.4 గ్రాములు క్రియాటిన్. హెచ్‌సీఎల్‌లో 78 శాతం. వాళ్లు చెప్పే ఒకటిన్నర గ్రాముల మోతాదులో ఉండేది 1.2 గ్రాములు. ల్యాబ్‌కోటు గారు పైన రోజుకు రెండు గ్రాములు పోతుందన్నారు కదా, మాంసం తినని మీకు ఒంట్లో తయారయ్యేది గ్రాము. రెండూ కలిపితే పోయేదాన్ని భర్తీ చేసి పైన మిగిలేది చిటికెడు. హెచ్‌సీఎల్ నీటిలో బాగా కరుగుతుంది, అది నిజమే. కానీ మోనోహైడ్రేట్ కూడా పేగుల్లోంచి దాదాపు పూర్తిగానే ఒంటబడుతుంది, ఇక "మెరుగైన శోషణ" అన్న మాటకు చోటెక్కడ?

ఇథైల్ ఎస్టర్ అనే క్రియాటిన్ రకం అయితే శుద్ధ దండగ, కండకు చేరకముందే చాలావరకు క్రియాటినిన్‌గా మారిపోతుంది. బఫర్డ్ (పులుపును తట్టుకునేలా క్షారం కలిపిన) రకాన్ని 2012లో మోనోహైడ్రేట్‌తో పోల్చి చూస్తే పైచేయి ఏమీ కనబడలేదు. ద్రవరూపంలో అమ్మేది ఎందుకు వద్దో ఉక్కుపట్టు చెప్పేశారు. గమ్మీలు తయారీలో వేడి, తేమ, పులుపు మూడూ తగులుతాయి, పైగా 5 గ్రాములకు నాలుగైదు నమలాలి. ప్రీ-వర్కౌట్ పొడుల్లో "బ్లెండ్" అని మొత్తం బరువు ఒక్కటే వేసి, క్రియాటిన్ ఎన్ని గ్రాములో విడిగా రాయనివి అసలు ముట్టుకోవద్దు.

కొనేటప్పుడు పదార్థాల వరుసలో ఒక్క పేరే ఉండాలి: క్రియాటిన్ మోనోహైడ్రేట్. 200 మెష్ అని ఉంటే రేణువు సన్నం, నీటిలో తేలికగా కలుస్తుంది, అంతకుమించి మహిమ లేదు. ఈ పొడిని సార్కోసిన్ లవణం, సయనమైడ్ కలిపి తయారుచేస్తారు. శుద్ధి సరిగ్గా లేకపోతే డైసయన్‌డైఅమైడ్, డైహైడ్రోట్రయజిన్ లాంటి మలినాలు మిగిలిపోతాయి. కాబట్టి బ్యాచ్‌వారీ పరీక్ష ఫలితాలు చూపించే కంపెనీదే తీసుకోండి. జర్మనీలోని ట్రోస్ట్‌బెర్గ్‌లో తయారయ్యే క్రియాప్యూర్‌కు ఈ విషయంలో మంచి పేరుంది. అదే కావాలనేం లేదు. పోటీల్లో పాల్గొనేవాళ్లయితే ఇన్ఫార్మ్డ్ స్పోర్ట్, ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటి, నిషేధిత పదార్థాల కోసం పరీక్షించినట్టు చెప్పే ముద్ర చూసి, డబ్బా మీది లాట్ నంబరును వాళ్ల జాబితాలో సరిచూసుకోవాలి. క్రియాటిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో లేదు. భయమల్లా అందులో కలిసిన ఇంకోదాంతోనే.

స్కూపును నమ్మకండి. నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే ఒక బరువు, గోపురంలా తీస్తే మరో బరువు. గ్రాముల త్రాసు మీద ఒక్కసారి తూచి, 5 గ్రాములు స్కూపులో ఎక్కడిదాకా వస్తుందో గీత పెట్టుకోండి. తేమకు గడ్డకట్టినా పొడి పాడైనట్టు కాదు, చిదిపి వాడుకోవచ్చు. నీళ్లు తగిలి ముద్దయినా, రంగు మారినా పారేయండి.

ఉక్కుపట్టు:
నీరు, జుట్టు మిగిలిపోయాయి. నీరు చేరే మాట నిజమే, కానీ అది ప్రధానంగా కండకణం లోపల. క్రియాటిన్ కణంలోకి వెళ్తే దానితోపాటు నీరూ వెళ్తుంది. లోడింగ్ చేస్తే మొదటి వారంలోనే కిలో, కిలోన్నర పెరగొచ్చు. 5 గ్రాములతో వెళ్తే అదే పెరుగుదల మెల్లగా వస్తుంది. దాన్ని కొవ్వు అనుకుని తిండి తగ్గించేయొద్దు, కండ అనుకుని మురిసిపోవద్దు. బరువు తరగతుల్లో పోటీ చేసేవాళ్లు మాత్రం ఈ కిలోన్నరను ముందే లెక్కలో వేసుకోవాలి. మానేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో నిల్వ పాత స్థాయికి వస్తుంది, ఆ నీరు పోతుంది. వ్యాయామంతో కట్టుకున్న కండ ఉంటుంది.

జుట్టు కథ 2009లో మొదలైంది. దక్షిణాఫ్రికాలో రగ్బీ ఆటగాళ్లకు వారం రోజులు రోజుకు 25 గ్రాములు ఇచ్చి చూస్తే డీహెచ్‌టీ (బట్టతలతో ముడిపడిన హార్మోను) 56 శాతం పెరిగింది, అదీ మామూలు పరిధిలోనే. ఆ అధ్యయనంలో జుట్టును కొలవనేలేదు. 2025లో వచ్చిన 12 వారాల పరీక్షలో రోజుకు 5 గ్రాములిచ్చి జుట్టును నేరుగా కొలిచారు, తేడా కనబడలేదు. పన్నెండు వారాలు చిన్న వ్యవధే అనే వాదన ఉంది, కాదనను. వంశంలో బట్టతల ఉండి, దాని గురించి బెంగ ఉంటే ఆ ఒకటి రెండు రెప్‌లు వదులుకున్నా కొంపేం మునగదు.

నిదానం:
అందరూ ఎలా వేసుకోవాలో చెప్తున్నారు, ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి కదా. ఎత్తిన బరువు, రెప్‌లు రాసుకోనివాళ్లకు ఇది దండగ. ఎనిమిది శాతం తేడా కంటికి ఆనదు, పుస్తకంలోనే కనబడుతుంది. మారథాన్ లాంటి పరుగులు ప్రధానమైనవాళ్లకు పెరిగిన కిలోన్నర మోయడం అదనపు పని. ఇక బరువులెత్తడం మొదలుపెట్టి నెల కూడా కానివాళ్లకు రోజురోజుకూ బలం దానంతటదే పెరుగుతుంటుంది, ఏది దేనివల్లో తెలియదు.

కొత్తబార్ గారూ, మీరు రెండు లిఫ్టులు ఎంచుకోండి. స్క్వాట్, బెంచ్ అనుకుందాం. ఇప్పుడు ఎనిమిది రెప్‌లు కష్టమ్మీద వచ్చే బరువు పెట్టి, మూడు నిమిషాల విరామంతో మూడు సెట్లు చేసి మొత్తం రెప్‌లు రాసుకోండి. నాలుగు వారాలు పొడి వేశాక అదే బరువు, అదే విరామం, అదే పూట మళ్లీ చేయండి. మధ్యలో ప్రోగ్రాం మార్చొద్దు. మొత్తంలో మామూలు పెరుగుదలకు మించి రెండు మూడు రెప్‌లు రాకపోతే ఇంకో నాలుగు వారాలు చూసి ఆపేయండి.

కొత్తబార్:
సరే, మోనోహైడ్రేట్, 5 గ్రాములు, లోడింగ్ లేకుండా. ముందు రక్తపరీక్ష. ఆఖరుగా రెండు: కాఫీ మానాలా? ఊరెళ్లినప్పుడు రెండు మూడు రోజులు తప్పితే మళ్లీ మొదటికొస్తుందా?

ఉక్కుపట్టు:
కాఫీ మానక్కర్లేదు. కెఫీన్ లాభాన్ని చెరిపేస్తుందని 1996లో ఒక అధ్యయనం అంది, ఆ తర్వాతి ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. రోజుకు ఒకటి రెండు కప్పులతో తేడా కనబడేంత ఏమీ ఉండదు. కడుపు తిప్పితే రెండింటినీ వేర్వేరు పూటలకు మార్చుకోండి. రెండు మూడు రోజులు తప్పితే నిల్వలో పోయేది కొన్ని గ్రాములే. తిరిగొచ్చాక రోజూలాగే 5 గ్రాములు వేసుకోండి, తప్పినవన్నీ కలిపి ఒకేసారి వేసుకోవద్దు.