అప్‌డేట్: డిష్‌వాషర్‌లో గ్లాసులకి తెల్లపొర, సంగతి తేలింది

మూడు నెలల కింద అడిగాను, ఒంగోల్లో మా ఇంట్లో డిష్‌వాషర్ పై అరలో గ్లాసులకి తెల్లపొర కడుతోంది, గిన్నెల్లో పప్పు అట్లాగే ఉంటోంది అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిల్టర్ వారం వారం కడుగుతూనే ఉన్నా, లోపం అక్కడ లేదు. పై స్ప్రే ఆర్మ్ (గిర్రున తిరుగుతూ చిల్లుల్లోంచి నీళ్లు చిమ్మే కడ్డీ) ఊడదీసి చూడమన్న వాళ్ల మాటే నిజమైంది. తీసి ఊపితే గలగలమంది! టూత్‌పిక్‌తో పొడిస్తే ఆవాలు, కరివేపాకు ఈనె, సున్నం పెచ్చులు రాలాయి. పప్పు బాధ ఆ రోజుతో పోయింది.

తెల్లపొర సంగతి మాత్రం మెకానిక్ వచ్చాకే తెలిసింది. మాది బోరు నీళ్లు, కాచిన గిన్నెకల్లా సున్నం కడుతుంది. మిషన్‌లో నీటి కాఠిన్యం సెట్టింగేమో అన్నిటికంటే తక్కువలో ఉంది. అట్లా ఉంటే సాల్ట్ (నీళ్లలో సున్నం తగ్గించడానికి మిషన్‌లో పోసే డిష్‌వాషర్ ఉప్పు) నింపినా మిషన్ దాన్ని పెద్దగా వాడుకోదట. సాల్ట్ తరగడం లేదని నేను సంతోషపడ్డా, చూడండి! సెట్టింగ్ పెంచి, ఖాళీ మిషన్‌లో నిమ్మఉప్పు వేసి వేడినీళ్ల వాష్ ఒకటి తిప్పాడు. గ్లాసులు ఇప్పుడు తళతళలాడుతున్నాయి. సాల్ట్ నెలకోసారి పోయాల్సి వస్తోంది. వంట ఉప్పు వద్దన్నాడు. పోసిన వెంటనే ఒక వాష్ తిప్పాలట, లేకపోతే ఒలికిన ఉప్పుకి లోపల తుప్పు పడుతుందని.

మోటారు పోయిందని అప్పుడు వచ్చిన మాట ఉత్తిదే. గిన్నెలు కడిగే సబ్బు ట్యాబ్లెట్లు రెండు బ్రాండ్లు మార్చిన డబ్బు దండగ.