అప్‌డేట్: కడప స్టేషనులో అరెస్టు సన్నివేశం మార్చేశాను

నేను రాస్తున్న గూఢచారి నవలలో భారత గూఢచార సంస్థ ‘రా’ అధికారి కడప రైల్వే స్టేషనులో ఉగ్రవాదిని అరెస్టు చేయవచ్చా అని పోయిన నెల అడిగాను. చేయలేడని మీరు చెప్పినప్పుడు మనసు చివుక్కుమంది. నలభై పేజీలు ఆ ఒక్క దృశ్యం మీదే నిలబడి ఉన్నాయి మరి.

మీ మాటే నిజం. 1968లో ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో) నుంచి విడదీసి ఏర్పాటు చేసిన ‘రా’ పని విదేశీ నిఘా. దానికి గానీ, ఐబీకి గానీ అరెస్టు చేసే అధికారం లేదు. ముంబయి దాడుల తర్వాత 2008లో చట్టం చేసి ఏర్పాటు చేసిన ఎన్ఐఏకు (జాతీయ దర్యాప్తు సంస్థకు) ఆ అధికారం ఉంది.

ఇప్పుడు నా కథానాయకుడు ముంబయి నుంచి వచ్చే రైలులో గుంతకల్లు దాటాక సమాచారం పంపుతాడు. కడపలో పట్టుకునేది పోలీసులు. అతను ప్లాట్‌ఫారం చివర టీ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడతాడు, అంతే. ఆ నిస్సహాయతే నవలకు ప్రాణమైంది. ఇంత మంచి మలుపు నాకు సొంతంగా తట్టేది కాదు.

హెడ్ కానిస్టేబులుగా రిటైరైన నాన్న కొత్త అధ్యాయం చదివి, ఉగ్రవాది సంచి పోలీసులకు దొరికిన చోట పెన్సిలుతో సున్నా చుట్టారు. “మధ్యవర్తుల నివేదిక ఎవరు రాశారు? సాక్షులేరి?” అన్నారు. దొరికిన వస్తువుల వివరాలను సాక్షుల ఎదుట రాసే పత్రమది. రాత్రి కూర్చుని ఆ పేజీ మళ్లీ రాశాను. స్టేషను బయట పూలమ్మే ఆమె ఇప్పుడు సాక్షి. జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.