తులూజ్ నుంచి ఫ్రాన్స్ పల్లెలు, నది లోయలు, పాత కట్టడాలు ఎలా చూడాలి?

మహేంద్రతనయ_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అబ్బాయి తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే మే నెలలో నన్నూ, మా ఆయననీ రమ్మంటున్నాడు. వాడు పారిస్ టికెట్లు చూస్తున్నాడు కానీ, నాకు పారిస్ మీద అంత మనసు లేదు. శ్రీముఖలింగం వెళ్తే దర్శనం అయ్యాక వంశధార గట్టున కూర్చుని పులిహోర తిని రావడం మా ఇంట్లో ఎప్పటి నుంచో అలవాటు. పాత కట్టడం, పక్కన ఏరు, చుట్టూ పొలాలు ఉంటే నాకు యాత్ర చేసినట్టు ఉంటుంది. తులూజ్‌కి ఉత్తరాన అలాంటి పల్లెలు చాలా ఉన్నాయని, అక్కడ ఏడు వందల ఏళ్ళ నాటి వంతెనలు, కొండ అంచున కోటలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయని చదివాను.

నాలుగైదు రోజులు కేటాయించగలం. మా అబ్బాయికి అక్కడ కారు లేదు. మా ఆయనకి మోకాళ్ళ నొప్పి, మెట్లంటే టెన్షన్ పడతారు. మేం గుడ్డు కూడా ముట్టం. ఎక్కడ దిగాలి, ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి? వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పగలరు.

నాగావళి_గట్టు:
అమ్మా, మాది రాయగడ. ఉద్యోగం మీద తులూజ్‌లో కొన్నేళ్ళు ఉన్నాను. శనివారం వస్తే ఆ పల్లెల వైపే పోయేవాణ్ణి. పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నాలుగైదు రోజులే కాబట్టి ఒక్క నదినే పట్టుకోండి. నెట్‌లో దొరికే ప్లాన్లు పొద్దున ఒక కోట, మధ్యాహ్నం ఇంకో కోట, సాయంత్రానికి మూడో ఊరు అని పరుగులు పెట్టిస్తాయి. అలా చూస్తే అన్నీ ఒకేలాంటి రాళ్ళే. ఆ ఊళ్ళు అక్కడే ఎందుకు వెలిశాయో నది వెంట వెళ్తేనే తెలుస్తుంది. అప్పట్లో సరుకంతా పడవల మీద పోయేది. వంతెన ఎవరిదో, ఒడ్డున కోట ఎవరిదో, ఆ చుట్టుపక్కల పెత్తనం వాళ్ళది. మీకు లోట్ నది సరిగ్గా సరిపోతుంది.

కాహోర్‌లో మకాం పెట్టండి. తులూజ్ నుంచి నేరుగా రైలు ఉంది, గంటా పావు ప్రయాణం. ఊరిని మూడు వైపులా లోట్ చుట్టుకుని పారుతుంది. స్టేషన్ నుంచి పాన్ వలాన్‌త్రే వంతెనకి కాసేపటి నడక, మోకాళ్ళకి ఇబ్బంది లేని దారి. 1308లో మొదలుపెట్టి 1378లో ముగించారు. ఆరు కమానుల మీద మూడు ఎత్తైన బురుజులు ఉంటాయి. ఏరు దాటడానికి ఎంత పనికొచ్చేదో, శత్రువుని ఆపడానికి అంత పనికొచ్చేలా కట్టారు. ఇప్పుడు దాని మీద కార్లు తిరగవు, నిదానంగా ఆగి ఆగి దాటవచ్చు.

దాని కథ మీ ఆయనకి తప్పకుండా చెప్పండి. పని ఎంతకీ తెమలక, కట్టే మేస్త్రి దెయ్యంతో ఒప్పందం చేసుకున్నాడట. చెప్పిన ప్రతి పనీ చేసిపెడితే తన ఆత్మ ఇస్తానన్నాడు. పని చివరికి వచ్చాక, కూలీల కోసం జల్లెడతో నీళ్ళు మోసుకురమ్మని దెయ్యానికి చెప్పాడు. దెయ్యం ఓడిపోయింది. ఆ కసితో నడిమి బురుజు మీది మూలరాయిని ప్రతి రాత్రీ ఊడబెరికేదట. 1879లో బాగుచేయించిన ఆర్కిటెక్ట్ పాల్ గూట్ ఆ మూలన, రాయి పీకుతూ వేలాడే చిన్న దెయ్యం బొమ్మని చెక్కించి పెట్టాడు. కింద నుంచి చూస్తే వెంటనే కనిపించదు, ఓపికగా వెతకాలి. పిల్లలు పోటీ పడి వెతుకుతుంటారు.

ఊళ్ళో సెయింట్ ఎతియెన్ కథీడ్రల్ కూడా చూడండి. నడవ మీద రెండు పెద్ద గుమ్మటాలు, ఉత్తర ద్వారం మీద క్రీస్తు స్వర్గారోహణ శిల్పం ఉంటాయి. అక్కడి ప్రధాన పీఠాన్ని 1119లో పోప్ ప్రతిష్ఠించాడు. అదే కాలంలో మన వైపు అనంతవర్మ చోడగంగదేవుడు ఏలుతున్నాడు (1078–1147). శ్రీముఖలింగం గుళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ శిల్పాల ముందు నిలబడితే కాలం లెక్క దానంతట అదే తెలుస్తుంది. నాకైతే ఒళ్ళు పులకరించింది.

తర్వాత సాన్ సిర్ లపోపీ. కాహోర్‌కి తూర్పున, లోట్ మీద సుమారు 100 మీటర్ల ఎత్తున సున్నపురాయి కొండకి అంటుకుని ఉంటుంది. 2012లో ఫ్రాన్స్ జనం తమకు బాగా ఇష్టమైన ఊరుగా దీనికే ఓటేశారు. జులై, ఆగస్టుల్లో కాలు పెట్టే సందు ఉండదు, మీరు మేలో వెళ్ళడం మంచిదైంది. కాహోర్ నుంచి ఫిజాక్ వెళ్ళే బస్సు కింద తూర్ ద ఫోర్ అనే ఊళ్ళో దింపుతుంది. అక్కడి నుంచి వంతెన దాటి కొండ ఎక్కాలి, మీ ఆయనకి అది వద్దు. ఆ ఒక్క రోజుకి టాక్సీ మాట్లాడుకుని పై పార్కింగ్ దగ్గర దిగండి. లోపల కూడా రాళ్ళు పరిచిన ఏటవాలు దారులే, చేతికర్ర పట్టుకోమనండి. సందుల్లో తిరగలేకపోయినా, పై నుంచి లోయ చూస్తే చాలు. నది వంపు తిరిగి పోతుంటే దాని పక్కన పొలాలు, ఎదురుగా తెల్లటి కొండచరియలు కనబడతాయి.

దగ్గర్లో బూజియెస్ అనే చిన్న ఊరి నుంచి నది పక్కనే కొండని తొలిచి వేసిన బాట ఉంది. పడవలని తాళ్ళతో లాగడానికి 19వ శతాబ్దంలో తొలిచారు. మెట్లు లేవు. కోటలకంటే నాకు ఆ బాటే ఎక్కువ గుర్తుంది, తలకి పైన రాయి, పక్కన నీళ్ళు. సీజన్‌లో అక్కడి నుంచి పడవ షికారు కూడా ఉంటుంది.

గునుపూర్_బడి:
లోట్ అందమైనదే, కాదనను. కానీ మధ్యయుగం అంటే యుద్ధం, ఆ యుద్ధం కళ్ళకి కట్టాలంటే దొర్దోన్ అనే ఇంకో నది లోయకే పోవాలి. నేను చరిత్ర పాఠం చెప్పేదాన్ని, అందుకే అడ్డు తగులుతున్నాను. ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజుల మధ్య 1337 నుంచి 1453 దాకా సాగిన వందేళ్ళ యుద్ధంలో ఆ నది చాలాచోట్ల సరిహద్దు. ఒక గట్టున బేనాక్ కోట ఫ్రెంచి వాళ్ళ పక్షం, ఎదురు గట్టున కాస్తెల్నో కోట ఎక్కువ కాలం ఇంగ్లిషు వాళ్ళ పక్షం. రెండూ ఇప్పటికీ ఒకదాన్నొకటి చూస్తూ నిలబడి ఉన్నాయి. కాస్తెల్నోలో మధ్యయుగ యుద్ధ సామగ్రి మ్యూజియం ఉంది, రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు పెట్టారు.

మొన్‌పజియే కూడా చూడదగ్గదే. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ పేరు మీద 1284లో గళ్ళు గీసినట్టు ప్లాన్ వేసి కట్టిన కొత్త పట్నం, నడుమ కమానుల వరండాలతో సంత చౌకు. ఆ చౌకులో కూర్చుంటే సంత, పన్నులు, ఊరి పాలన ఎలా నడిచేవో పిల్లలకి చెప్పొచ్చు. నేల చదునే. అయితే కారు లేకుండా ఇవన్నీ కష్టమే, అక్కడ నాగావళి గారితో ఒప్పుకుంటాను.

బరంపురం_బండి:
కారు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఉద్యోగం మీద వెళ్ళి ఫ్రాన్స్‌లోనే ఉంటున్నవాళ్ళకి మన లైసెన్సు మొదటి ఏడాదే చెల్లుతుంది. మీ అబ్బాయి అక్కడికి వెళ్ళి ఏడాది దాటితే, అక్కడి లైసెన్సు లేకుండా నడపకూడదు. చుట్టపుచూపుగా వెళ్ళిన మీరో, మీ ఆయనో నడపాలంటే ఇక్కడే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి, పాస్‌పోర్టూ వీసా చూపించాలి. కుడివైపు నడపాలి. బోర్డు, లైటు లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి దారివ్వాలి, పల్లెల్లో ఇది తరచూ తగులుతుంది. కొత్తవాళ్ళు ఆ సన్నటి రోడ్ల మీద మొదటిసారి నడపడం నాకు మంచిదనిపించదు. కాహోర్ దాకా రైలు, అక్కడి నుంచి టాక్సీ, ఆ లెక్కే బాగుంది.

మహేంద్రతనయ_ఒడ్డు:
అందరికీ చాలా థాంక్స్. లోట్ నదే ఖాయం చేసుకున్నాం. గునుపూర్ గారూ, మీరు చెప్పిన రెండు కోటలు ఇంకోసారి వెళ్తే తప్పక చూస్తాను. తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. రొకమదూర్ అని ఒక పుణ్యక్షేత్రం ఉందట, కొండ మీద గుళ్ళు. 216 మెట్లు అని చదివి మా ఆయన వద్దంటున్నారు. నాకేమో చూడాలని ఉంది.

నాగావళి_గట్టు:
అమ్మా, ఆయన్ని బయలుదేరమనండి. భక్తులు ఆ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేవారు. ఇప్పుడు ఊరి వీధి నుంచి గుళ్ళ దాకా లిఫ్టు ఉంది, టికెట్టు తీసుకుంటే చాలు. పైన ప్రార్థనా మందిరంలో నల్లటి మేరీ మాత కొయ్య విగ్రహం ఉంటుంది, చెప్పులు విప్పనక్కర్లేదు కానీ మౌనంగా ఉండాలి. కింద అల్జూ అనే చిన్న ఏటి లోయ. కాహోర్ నుంచి టాక్సీలో వెళ్తే ఒక రోజు దీనికే పెట్టండి, ఇంకేమీ కలపకండి.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. అది బాతు మాంసం దేశం. సలాడ్ అని తెప్పిస్తే బాతు కందనకాయలు వేసి తెస్తారు, బంగాళాదుంప వేపుడు కూడా బాతు కొవ్వులోనే. అడగకుండా ఏదీ తినకండి. వేడి మేక జున్ను, అక్రోటు వేసిన సలాడ్ దొరుకుతుంది, మాంసం వద్దని మీ అబ్బాయి చేత గట్టిగా చెప్పించండి. హోటల్ గది కాకుండా వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకోండి. బుధ, శనివారాలు పొద్దున కాహోర్ కథీడ్రల్ ముందు సంత ఉంటుంది, కూరలు అక్కడ కొనుక్కోండి. కందిపప్పు, చింతపండు, ఇంగువ ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి. హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకానే వడ్డిస్తాయి. మూడింటికి వెళ్తే పల్లెల్లో కాఫీ తప్ప ఏమీ దొరకదు. మరమరాలూ వేరుశనగ ఉండలూ సంచిలో పెట్టుకోండి.