5 డిగ్రీల చలిలో సైకిల్: వీపు చెమట, వేళ్లు మొద్దు. ఏం వేసుకోవాలి?

ప్రశ్న:
తెల్లవారుజామున 4–6 డిగ్రీల్లో గంటన్నర తొక్కాలి. వేగం గంటకు 22–25 కి.మీ. కాటన్ బనియను, స్వెటరు, పైన రెయిన్‌కోటు వేసుకుంటే అరగంటకే వీపు తడిసిపోతోంది, ఆగగానే వణుకు పుడుతోంది. వేళ్లు మొదటినుంచీ మొద్దుబారుతున్నాయి. ఇంకా మందం స్వెటరు కొనమంటారా?

జవాబు 1:
కొనకండి. మిమ్మల్ని వణికిస్తున్నది ఆ తడి బనియనే. కాటన్ చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, ఓ పట్టాన ఆరదు. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పైన రెయిన్‌కోటు ఆ తేమను బయటికి పోనివ్వదు.

ఒంటికి అతుక్కునేలా పలుచని మెరీనో ఉన్ని (మెరీనో గొర్రెల సన్నని, మెత్తటి ఉన్ని) లేదా పాలిస్టర్ బనియను వేయండి. వదులుగా ఉంటే చెమటను సరిగా లాగదు. దానిమీద లోపలివైపు నూగున్న ఫుల్‌హ్యాండ్స్ జెర్సీ. ఆపైన ఛాతీ, చేతుల దగ్గర గాలిని ఆపి, వీపు దగ్గర గాలి ఆడే జాకెట్. గాలి కొట్టేది ఎదురుగానే కదా: 5 డిగ్రీల్లో 25 కి.మీ. గాలి తగిలితే ఒంటికి దాదాపు సున్నా డిగ్రీల్లా ఉంటుంది.

బయల్దేరేటప్పుడు కాస్త చలి అనిపించాలి. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే ఒక పొర ఎక్కువైందన్నమాట. ఎత్తు ఎక్కేముందే జిప్ తెరవండి, చెమట పట్టేదాకా ఆగొద్దు. పల్లం దిగేముందు మెడదాకా మూసేయండి.

జవాబు 2:
వేళ్ల సంగతి. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా వేళ్లకే రక్తం తగ్గిస్తుంది, కాబట్టి పైవారు చెప్పినట్టు ఛాతీని కాపాడితే సగం పని అయినట్టే. బిగుతు గ్లోవ్స్ మాత్రం వద్దు. పలుచని ఉన్ని గ్లోవ్స్ మీద గాలి ఆపేవి ఒక సైజు పెద్దవి వేసి, లోపల వేళ్లు ఆడుతున్నాయో లేదో, బ్రేకు, గేరు అందుతున్నాయో లేదో చూసుకోండి. సున్నాకు దిగితే రెండేసి వేళ్లు ఒకే అరలో ఉండే రకం మేలు. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నా రక్తం ఆడదు.

కాళ్లకూ ఇదే. సాక్స్ మీద సాక్స్ తొడిగి షూ బిగిస్తే చలి ఇంకా పెరుగుతుంది. ఒక జత ఉన్ని సాక్స్, పైన గాలి ఆపే షూ కవర్లు చాలు. సైక్లింగ్ షూ అడుగున గాలి రంధ్రాలుంటే ఇన్‌సోల్ (లోపలి అట్ట) ఎత్తి లోపలినుంచి టేపు వేయండి. మోకాళ్లు 15 డిగ్రీల లోపు కప్పి ఉంచడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. రెయిన్‌కోటు మానేయాలా? తలకు మంకీ క్యాప్ సరిపోతుందా?

జవాబు 3:
రెయిన్‌కోటు మడిచి వెంట ఉంచుకోండి, వాన పడితేనే వేసుకోండి. పొడవైన దిగుడు వస్తే జెర్సీ కింద ఛాతీమీద ఒక వార్తాపత్రిక పెట్టుకున్నా గాలి ఆగుతుంది, పాతకాలపు రేసర్ల పద్ధతే ఇది.

హెల్మెట్ కింద మంకీ క్యాప్ వద్దండీ. మందంవల్ల హెల్మెట్ పైకి లేచి, పడితే తలను సరిగా కాపాడదు. చెవులు కప్పే పలుచని సైక్లింగ్ టోపీ పెట్టి, హెల్మెట్ వెనక బిగించే డయల్, గడ్డం కింది పట్టీ మళ్లీ సరిచేయండి. మెడగుడ్డను ముక్కుమీదికి లాగితే ఊపిరి పైకి తన్ని కళ్లద్దాలు మసకబారతాయి, ముక్కు కిందే ఉంచండి.

వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే ఆగి చంకల్లో పెట్టుకోండి. రుద్దకండి, చర్మం దెబ్బతింటుంది.