20 సీసీ పెట్రోల్ ఇంజిన్: థ్రాటిల్ ఒక్కసారిగా ఇస్తే ఆగిపోతోంది, ఏం చూడాలి?

నా మోడల్ విమానానికి 20 సీసీ టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్ ఉంది, ఆయిల్ 30:1 పాళ్లలో, అంటే లీటరుకి 33 మి.లీ. కలుపుతాను. ఏడాదిన్నర అటకమీద ఉండిపోయింది. ఇప్పుడు చోక్ వేసి నాలుగుసార్లు తిప్పితే చక్కగా స్టార్ట్ అవుతోంది, ఐడిల్‌లో ఎంతసేపైనా ఆడుతోంది, కానీ స్టిక్ ఒక్కసారిగా ముందుకి తోస్తే దగ్గినట్టు చేసి ఆగిపోతోంది, మెల్లగా పెంచితే మాత్రం ఫుల్ దాకా వెళ్తోంది. కార్బొరేటర్‌లో తక్కువ వేగానికి పెట్రోల్ సరిచేసే స్క్రూ (లో-స్పీడ్ నీడిల్) లీన్‌గా, అంటే పెట్రోల్ తక్కువ అందేలా ఉందేమోనని చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున రెండుసార్లు తెరిచాను. కాస్త నయమే, కానీ పొగ ఎక్కువైంది, ప్లగ్ తీసి చూస్తే నల్లగా, తడిగా ఉంది. ట్యాంకు పైపులు కొత్తవే, బుడగలు కూడా లేవు. పాత పెట్రోల్ వల్ల కార్బొరేటర్ డయాఫ్రం (లోపలి పల్చటి పొర) గట్టిపడి ఉంటుందా? ముందు అది మార్చాలా, లేక ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) చూడాలా? గాల్లో ఆగిపోతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది, అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.