పిల్లలకి రేడియోలో కథలు చెప్పినవాళ్లున్నారా? మీ అనుభవాలు కావాలి

నీలాటిరేవు:
మా దగ్గరి కమ్యూనిటీ రేడియోలో ఆదివారం పొద్దున అరగంట పిల్లల కథలకి ఇచ్చారు. చెప్పేది నేనూ, మా అమ్మమ్మా. మూడు అనుమానాలు. కథ రాసుకుని చదవాలా, నోటికి చెప్పాలా? రాక్షసుల కథలు పెట్టొచ్చా? ఒక్కో కథ ఎన్ని నిమిషాలుండాలి? మొదటివారం ఏడు చేపల కథ అనుకుంటున్నాం. చేప ఎండలేదు, గడ్డిమేటు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు... అందరికీ వచ్చిన వరసే కాబట్టి ఇంట్లో పిల్లలు కూడా అందుకుంటారని ఆశ.

మాజీ_మైకు:
ఆకాశవాణిలో 19 ఏళ్లు క్యాజువల్‌గా (తాత్కాలిక పద్ధతిలో) చేసిన అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి. నోరు మైకుకి ఎదురుగా పెట్టకూడదు, కాస్త పక్కకి పెట్టాలి. లేకపోతే 'ప', 'భ' వచ్చినప్పుడల్లా గాలి దెబ్బ తగిలి వినేవాడి చెవి అదురుతుంది. కాగితం తిప్పిన చప్పుడు పిల్లలు పట్టేస్తారు. గుర్రం రావాలంటే రెండు కొబ్బరి చిప్పలు, అడవికి నిప్పంటుకోవాలంటే మైకు దగ్గర చాక్లెట్ కాగితం నలపడం. ఇప్పటివాళ్లు అన్నీ డౌన్‌లోడ్ చేస్తున్నారు, గుర్రాలన్నీ ఒకేలా నడుస్తున్నాయి. హైదరాబాదులో బాలానందం అనే పిల్లల రేడియో కార్యక్రమం పుట్టిన రోజుల నుంచీ ఇదే పద్ధతి.

సెంట్రల్_స్టేషన్:
బాలానందం పుట్టింది హైదరాబాదులో కాదండీ, మద్రాసులో. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయింది అక్కడే. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టిందీ, 1945లో 'బాల' పత్రిక తెచ్చిందీ అక్కడే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చారు. 19 ఏళ్లు చేసినవారికి తెలియకపోవడం ఆశ్చర్యం.

మాజీ_మైకు:
నేను హైదరాబాదు కార్యక్రమం సంగతి అన్నాను. సరిగ్గా చదవండి.

గుంటగలగర:
అది సరే గానీ, గడ్డిమేటు ఏమిటండీ? గడ్డిమోపు కదా! మేటంటే ఎకరాల గడ్డి. ఒక్క ఆవు దాన్ని మేసి అడ్డం తొలగించేసరికి ఉగాది వస్తుంది, చేప కుళ్లిపోతుంది.

జొన్నచేను:
మా దిక్కు గడ్డివాము అంటరు. మోపు అని ఎవరన్నరు?

నీలాటిరేవు:
అయ్యా, నా మూడు ప్రశ్నలు...

గుంటగలగర:
మా నాయనమ్మ అంది. చాలదా?

సెంట్రల్_స్టేషన్:
మోపే అయితే రాజుగారి కొడుకు ఒక కాలితో పక్కకి తోసేవాడు. ఆవు దాకా, పాలేరు దాకా, అవ్వ దాకా వెళ్లే పనేముంది? ఎండ తగలకుండా నీడ పడాలంటే మేటే ఉండాలి. కథకి ఆ మాత్రం లెక్కుంటుంది.

గుంటగలగర:
చేప మాట్లాడుతుంటే లేని లెక్క గడ్డి దగ్గర గుర్తొచ్చిందా?

మాచెర్వుగట్టు:
నేను రెండేళ్లు చెప్పాను. ఒకటి చెబుతాను, ఎవరికైనా పనికొస్తే సరే. పేదరాశి పెద్దమ్మ, ఏడు సముద్రాల అవతల చిలకలో రాక్షసుడి ప్రాణం, ఇవన్నీ చెప్పినా ఏ గొడవా రాలేదు. ఒక్క ఇల్లు తప్ప పిల్లలెవరూ జడవలేదు. ఒక ఆదివారం సవతితల్లి కథ చెప్పాను, గొంతు మార్చి, కర్కశంగా. బాగా వచ్చిందని నాకే గొప్పగా ఉండింది. మర్నాడు పక్క ఊరి నుంచి ఒకావిడ స్టేషన్‌కి వచ్చింది. రెండో పెళ్లి మీద ఆ ఇంటికి వచ్చిన మనిషి. మొదటావిడ కూతురు రేడియో విన్న దగ్గర్నుంచి ఆమె పెట్టిన అన్నం తినడం లేదట. తిట్టలేదు. బల్ల మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మన రేడియో వినబడేది పది పదిహేను కిలోమీటర్లు. వినేవాళ్లు మనకి ఎదురుపడేవాళ్లే.

జొన్నచేను:
మా స్టేషన్ల (పేరు వద్దులే) ఏం జరిగిందో చెప్తా. నేను మా అవ్వ చెప్పినట్టే 'జీతగాడు' అన్న. 'పాలేరు' అని మార్చి మళ్లీ రికార్డు చెయ్యమన్నరు. 'బువ్వ' తీసి 'భోజనం' పెట్టమన్నరు. అవ్వ భోజనం పెట్టుడేంది? జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో 2008 నుంచి నడుస్తున్నది. దళిత ఆడోళ్లు వాళ్ల మాటలనే చెప్తరు, వాళ్ల పాటలే పాడుతరు. అక్కడ నడిచిన మాట మా దగ్గర ఎందుకు నడవదు?

మాజీ_మైకు:
శ్రోతలందరికీ అర్థం కావాలి కదా. ప్రమాణ భాష అంటూ ఒకటుంటుంది.

జొన్నచేను:
పది ఊర్లకు వినొచ్చే రేడియోకు ఎవరి ప్రమాణం సార్? ఆ పది ఊర్లల్ల 'జీతగాడు' తెలవనోడు మీరొక్కరే ఉంటరు.

మాజీ_మైకు:
వ్యక్తిగతంగా వెళ్లకండి. నా గొంతు విని పెరిగినవాళ్లు ఇప్పుడు కలెక్టర్లయ్యారు.

గుంటగలగర:
వాళ్లనే అడగండి, మేటా మోపా అని.

టెక్సాస్_చింతచెట్టు:
మేము ఇక్కడ ఆన్‌లైన్ రేడియోలో శనివారాలు చెబుతున్నాం. మీరు మేటు, మోపు అని కొట్టుకుంటున్నారు, మా పిల్లలకి చేపని ఎండబెట్టడమే తెలీదు. 'ఫ్రిజ్‌లో పెట్టొచ్చు కదా ఆంటీ' అన్నాడొకడు, లైవ్‌లో. అయినా 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా' దగ్గర మాత్రం ఫోన్లో ఉన్న పిల్లలంతా ఒకేసారి అరిచారు. నిడివి అడిగారు కదా, మేము ఏడెనిమిది నిమిషాలు దాటనివ్వం.

నీలాటిరేవు:
ధన్యవాదాలండీ, ఒక్కరైనా జవాబిచ్చారు.

పొద్దుతిరుగుడు:
ఇంకో జాగ్రత్త. అవ్వ చెప్పిన కథకి హక్కుల గొడవ ఉండదు. పాత పిల్లల పత్రిక తెచ్చి అక్షరం అక్షరం చదివితే ఉంటుంది. నేను చదివి, తర్వాత క్షమాపణ ఉత్తరం రాశాను. కథ విని, పుస్తకం మూసి, మీ నోటితో చెప్పుకోండి.

అడ్మిన్:
గడ్డి సంగతి ఇక్కడితో ఆపండి. రెండు పోస్టులు తీసేశాను.

సెంట్రల్_స్టేషన్:
నాది తీశారు, మోపు ఆయనది ఉంచారు. బాగుంది.

వానకోయిల:
మాచెర్వుగట్టు గారూ, మీ పోస్టుని అందరూ దాటుకుని గడ్డిలోకి పోయారు. ఆ పిల్ల తర్వాత తిన్నదా?

మాచెర్వుగట్టు:
తెలీదండీ. మరుసటి ఆదివారం ఇంకో కథ చెప్పాను, సవతితల్లి దొంగతనంగా పిల్ల జేబులో నేతి అరిసె పెట్టే కథ. అది పాత కథ కాదు, నేను కల్పించిందే. జానపదం పాడు చేశానని ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆమె మాత్రం మళ్లీ రాలేదు.

మాజీ_మైకు:
కల్పించి జానపదమని చెప్పడం తప్పే.

వానకోయిల:
మీ కొబ్బరి చిప్పల గుర్రం నిజం గుర్రమా సార్?

నీలాటిరేవు:
నిన్న మొదటి రికార్డింగ్ అయింది, అందుకే మళ్లీ వచ్చాను. చదవడమా, చెప్పడమా అన్నది అమ్మమ్మే తేల్చేసింది. గాజు గదిలో కూర్చోబెడితే నోరు విప్పలేదు. 'ఊఁ కొట్టేవాళ్లు లేకుండా కథేమిటే, గోడకి చెప్పనా?' అంది. మైకు నచ్చక కాదు, ఆ నిశ్శబ్దానికి. చివరికి ఆపరేటర్ గారి చిన్నమ్మాయిని తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టాం. పిల్ల ఊఁ కొడుతుంటే అమ్మమ్మ గొంతు తెరుచుకుంది. అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఊఁలు తగ్గాయి, చీమ దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయింది. అమ్మమ్మ గొంతు తగ్గించి, చివరి మాట దాని చెవిలో చెప్పింది. మైకుకి సగమే అందింది. ఆపరేటర్ మళ్లీ తీద్దామన్నారు, నేను వద్దన్నాను. ఆదివారం ఏడున్నరకి వస్తుంది.

గుంటగలగర:
అమ్మమ్మ గారు ఏమన్నారు మరి?

నీలాటిరేవు:
గడ్డికుప్ప.