సొంత వెబ్‌సైటు అవసరమా, ఫేస్‌బుక్ చాలదా?

శాసనాల బాటసారి, కడప:
మన జిల్లా శాసనాల మీద కొన్నేళ్లుగా ఫేస్‌బుక్‌లో రాస్తున్నాను. ఫొటో, పాఠం, ఊరికి దారి, అన్నీ అక్కడే ఉన్నాయి. ‘సొంత సైటు పెట్టుకో, లేకపోతే ఇందులో ఏదీ నీది కాదు’ అని ఒక మిత్రుడు పోరుతున్నాడు. చదివేవాళ్లందరూ ఫేస్‌బుక్‌లో ఉండగా, ఏటా డబ్బు కట్టి ఎవరూ తొంగిచూడని చోట రాయడం దేనికి?

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
మీ మిత్రుడిదే సరైన మాట. ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్ 2014లో మూతపడింది. మామూలు వాడుకదారులకు గూగుల్ ప్లస్ 2019లో పోయింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించగానే, దాంట్లో పేరు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలు మళ్లీ మొదటికొచ్చారు. ఫేస్‌బుక్‌కు మాత్రం చిరాయువని ఎవరు రాసిచ్చారు?

పెన్నా గట్టు, ప్రొద్దుటూరు:
సొంత సైట్లు నిలిచాయా మరి? యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర సంకేతాలు) కాని ఫాంట్లతో అప్పట్లో కట్టిన తెలుగు సైట్లను ఇప్పుడు తెరిస్తే అర్థం కాని గుర్తులు తప్ప అక్షరం కనబడదు. గడువు దాటిన డొమైన్లను (సైటు పేర్లను) ఎవరెవరో కొని జూద ప్రకటనలు నింపుతున్నారు. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచారు. భద్రంగానే ఉన్నాయి, శతాబ్దాల పాటు ఎవరి కంటా పడకుండా! సొంత సైటు గతీ అంతే.

లెక్కల టీచర్, అనంతపురం:
రేకులు ఉండబట్టే కదండీ తర్వాత పాడుకోగలిగాం. దాచుకోని వేమన సంగతి చూడండి. జనం నోట బతికాడు, నిజమే. కానీ చివర ‘విశ్వదాభిరామ వినురవేమ’ అని తగిలిస్తే చాలు, ఎవరి పద్యమైనా వేమన ఖాతాలో పడిపోయింది. బ్రౌన్ 1829లో అచ్చు వేయించాడు, ఆ తర్వాత ఎందరో పండితులు వడపోశారు. ఏది అసలు, ఏది అతుకు అన్నది ఇప్పటికీ తేలలేదు.

కడప వారి పోస్టులకూ ఇదే జరుగుతోంది. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం మీద ఆయన రాసినది మా స్టాఫ్‌రూమ్ వాట్సాప్ గుంపుకు వచ్చింది. ఆయన పేరు లేదు. క్రీ.శ. 575 ప్రాంతపు శాసనాన్ని ఎవరో ఇంకా వెనక్కి జరిపారు. శాసనంలోని రాజు ధనంజయుడు, ఆయన ఏలిన రేనాడు అన్న మాటలు మాత్రం మిగిలాయి. ఇలాంటప్పుడు ‘నేను రాసినది ఇదీ’ అని చూపించడానికి మారని చిరునామా ఒకటి కావాలి. పైగా ఆ రాయి బాగా దెబ్బతిన్నది, రేపు ఎవరైనా ఒక అక్షరాన్ని ఇంకోలా చదవవచ్చు. సైటులో అయితే పాఠం దిద్ది, కింద తేదీ వేస్తారు. ఫేస్‌బుక్‌లో పాత పోస్టు దిద్దితే ఎవరు చూస్తారు? అసలు వెతికితే దొరకాలి కదా! సైటు జనాన్ని పోగేయడానికి కాదండీ.

పెన్నా గట్టు, ప్రొద్దుటూరు:
ఈ వాదనకు బలముంది. అయితే ఆ చిరునామా మీద ఏ పేరుండాలి?

తుంగభద్ర, కర్నూలు:
నేను ఇంటిపేరు లేకుండా కలం పేరుతో సైటు నడుపుతున్నాను. ముందు ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టి, ఆపైన వ్యాసం చదివేవాళ్లు మన సీమలో తక్కువేమీ కాదు. ఆడవాళ్లకైతే ఇన్‌బాక్స్ బెడద అదనం. సైటులో నా గురించి ఎంత చెప్పాలో నేనే తేల్చుకుంటాను. ఫేస్‌బుక్‌లో ఆ పని మా పిన్ని పెళ్లి ఫొటోలకు ట్యాగులు తగిలించి చేసేస్తుంది.

పెన్నా గట్టు, ప్రొద్దుటూరు:
పేరు చెప్పనివారి శాసన పాఠాన్ని నమ్మేదెలా?

తుంగభద్ర, కర్నూలు:
పక్కనే ఫొటో పెడతాను, మీరే చదివి సరిచూసుకోండి. పేరు చూసి నమ్మమని నేనూ అడగను.

కొండారెడ్డి బురుజు, కర్నూలు:
ఖర్చు సంగతి కూడా వినండి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోవద్దు, రెండో ఏడాది నుంచి పెంచుతారు. డాట్ కామ్ పేరును ఒకేసారి 10 ఏళ్ల దాకా కట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్ మీద ఉండాలి. మా వీధిలో ఒక దుకాణం వారి డొమైన్ సైటు కట్టిచ్చిన అబ్బాయి పేరు మీద ఉండిపోయింది, అతను ఊరు మారాడు. ఇప్పుడు వాళ్ల పేరు కోసం వాళ్లే బతిమాలుకుంటున్నారు.

లెక్కల టీచర్, అనంతపురం:
రాసినవారు పోయాక డొమైన్ డబ్బు ఎవరు కడతారన్నదీ ఆలోచించాలి. ప్రతి పేజీ నకలునూ, వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేయండి, ఖర్చు లేదు. ఫేస్‌బుక్ పోస్టులు అక్కడ సరిగా దక్కవు.

శాసనాల బాటసారి, కడప:
ఫేస్‌బుక్ మానను. కలమళ్ల పాఠం మాత్రం ముందుగా సైటులో పెట్టి, అక్కడి నుంచే పంచుతాను. ఇంటిపేరు ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తుంగభద్ర గారి మాట ఆలోచనలో పడేసింది.

పెన్నా గట్టు, ప్రొద్దుటూరు:
పెట్టండి. లింకు ఫేస్‌బుక్‌లో వేస్తే చదువుతాను. సైటు తెరిచి వెతుక్కుంటూ మాత్రం రాను, ముందే చెబుతున్నాను.